మూరెడు చేతి మర్మం

వేసవి వచ్చిందంటే బస్తరు అడవులలో తునికాకు సేకరణ మొదలవుతుంది. ఆ సీమకు దక్షిణాన, భోపాలపట్నానికి చేరువలో మద్దేడ్ ఉన్నది. ఒకప్పటి బస్తరు జిల్లాలో, 2007 నుంచి బీజాపూర్ జిల్లాలో భాగమైన ఈ ప్రాంతంలో దోర్లీ, గోండీ, హిందీలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఇక్కడి కుటుంబాలు పెందలకడనే అడవికి వెళ్లి ఆకు కోసుకువస్తాయి. 50 ఆకులు ఒక కట్ట, 1,000 కట్టలు ఒక ప్రామాణిక బస్తా. అంటే బస్తా లెక్క పూర్తి కావాలంటే 50,000 ఆకులు కోయాలి. ప్రతి ఆకుకూ వేళ్లు ముడుచుకోవాలి, చేయి ఇంచుక తిరగాలి, మోచేయి వంగాలి. చూసేవారికి ఇదంతా అరచేతి పనిగానే తోస్తుంది. కాని ఆ పనిలో అధికభాగం నడిపేది ముంజేయి.

తెలుగువారికి ముంజేయి చిరకాలంగా కొలబద్ద. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. పూలమ్మేవారు ఈనాటికీ మల్లెదండను దానితోనే కొలుస్తారు. ముంజేతిలోని రెండు ఎముకలకు వైద్యగ్రంథాలలో వాడే రత్ని, అరత్ని అనే పేర్లు కూడా పూర్వం కొలతల పేర్లే. పిడికిలి బిగించి కొలిస్తే రత్ని అనీ, చిటికెనవేలు చాచి కొలిస్తే అరత్ని అనీ అమరకోశం తేడా చూపింది.

బొటనవేలి వైపున్న ఎముక రత్ని, చిటికెనవేలి వైపున్నది అరత్ని. పైనుండి వచ్చే భుజాస్థితో ఈ రెండూ కలిసేచోట మోచేయి ఏర్పడుతుంది. ఒకే సంచివంటి పొరలో ఇక్కడ మూడు కీళ్లు ఇమిడి ఉన్నాయి. అరత్ని తన కొక్కెంవంటి పైకొసతో భుజాస్థిని పట్టుకొని, తలుపు బందువలె ముందుకూ వెనుకకూ మాత్రమే కదులుతుంది. రత్ని తల గుండ్రనిది. అది ఒక బిగువైన వలయంలో ఇమిడి తన చుట్టూ తాను తిరగగలదు. అరచేయి ఆకాశం వైపు ఉన్నప్పుడు రెండు ఎముకలూ పక్కపక్కన ఉంటాయి. అరచేతిని నేలవైపు తిప్పగానే రత్ని అరత్నిమీదుగా అడ్డంగా వాలుతుంది. అన్నం ముద్ద నోటికి అందించడం, తాళంచెవి తిప్పడం, చెంబుతో నీళ్లు వంచడం, ఇవన్నీ ఈ తిరుగుడు మీదనే ఆధారపడ్డాయి.

వేళ్లను ముడిచి చాచే ప్రధాన కండరాలు అరచేతిలో లేవు. ముంజేతిలోని దాదాపు 20 కండరాలలో అనేకం సన్నని తాళ్లవంటి కొసలుగా మారి, మణికట్టును దాటి వేళ్లను చేరుతాయి. ఎడమచేత్తో ముంజేతిని పట్టుకొని కుడిచేతి వేళ్లను ఆడించి చూడండి. కండరాల కదలిక చేతికి తగులుతుంది. విలుకాడు అల్లెత్రాటిని లాగి పట్టినప్పుడు ఆ పట్టును నిలిపేవి ఈ కండరాలే. విల్లు పట్టిన చేతి మోచేయి ముడుచుకోకుండా నిలిపేది మాత్రం దండచేతి వెనుకనున్న కండరం.

ఇంత పనిచేసే వేళ్లకు రక్తం తెచ్చే ప్రధాన ధమని మోచేతి మడత ముందునుంచే సాగుతుంది. రక్తపోటు కొలిచేటప్పుడు వైద్యుడు చెవిగొట్టం ఆనించేది అక్కడనే. చేతిలోని మూడు ముఖ్యమైన నాడులు కూడా మోచేతిని దాటే కిందికి రావాలి. వాటిలో ఒకటి మోచేతి లోపలి వైపు, ఎముక వెనుక, చర్మం కిందనే ఉంటుంది. మోచేయి తలుపుకు తగిలినప్పుడు చిటికెనవేలి దాకా జివ్వుమనిపించేది అదే.

ఈ ఇరుకైన దారి పిల్లల విషయంలో ప్రమాదానికి తావిస్తుంది. చెట్టు మీదనుంచో గోడ మీదనుంచో పడే పిల్లవాడు చేయి చాచి నేలను ఆపబోతాడు. ఆ దెబ్బకు భుజాస్థి, మోచేతికి కాస్త పైన, పలుచగా ఉన్నచోట విరుగుతుంది. 5 నుంచి 7 ఏళ్ల పిల్లలలో ఇది ఎక్కువ. విరిగిన కొస జరిగితే ధమనినో నాడినో నొక్కవచ్చు. వాపు పెరిగితే మరో చిక్కు. ముంజేతి కండరాలు గట్టి పొరల గదులలో ఉన్నందువల్ల వాపు వెలుపలికి వ్యాపించలేదు. లోపల ఒత్తిడి హెచ్చి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ఆ పైన వెదురుబద్దలు పెట్టి బిగించి కడితే ఒత్తిడి మరింత పెరుగుతుంది.

మరీ బిగువైన కట్ల వలన రక్తం అందక కండరాలు చచ్చిపడి, వేళ్లు ముడుచుకుపోతాయని జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ 1881లో వివరించాడు. ఆ అవిటితనం నేటికీ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. రక్తం పూర్తిగా అందకపోతే సుమారు 6 గంటలలో కండరాలకు తిరిగిరాని నష్టం కలుగుతుంది.

మద్దేడ్ వంటి ఊళ్లకు ఈ గంటల లెక్క మరీ ముఖ్యం. జిల్లా ఆసుపత్రి బీజాపూర్‌లో ఉన్నది. వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్న జగ్‌దల్‌పూర్ 150 కిలోమీటర్లకు మించిన దూరం. అందుకే బయలుదేరడానికి ముందు ఇంటిలో చేసే పని సరిగా ఉండాలి. వంకరపోయిన చేతిని లాగి సరిచేయరాదు. ఉన్న భంగిమలోనే మెత్తని గుడ్డలు ఆనించి, వదులుగా బద్ద కట్టి, మెడనుంచి జోలె వేయాలి. గాజులు, కడియాలు, ఉంగరాలు వెంటనే తీసేయాలి. దారి పొడవునా వేళ్లను గమనిస్తుండాలి. అవి పాలిపోయినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వదులు చేయాలి. వేళ్లను చాచబోతే భరించలేని నొప్పి పుట్టడం అన్నిటికన్నా ముందుగా కనిపించే హెచ్చరికలలో ఒకటి. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటున్నంత మాత్రాన అపాయం లేదని ధైర్యపడరాదు.

చిన్నపిల్లల విషయంలో మరో జాగ్రత్త ఉన్నది. నాలుగైదేళ్ల లోపు పిల్లలను ఒక చేయి పట్టుకొని గుంజి లేపితే, రత్ని తల చుట్టూ ఉన్న వలయం జారి కీలులో చిక్కుకోవచ్చు. పిల్లవాడు ఏడ్చి, ఆ చేతిని కదల్చడం మానేస్తాడు. వైద్యుడు క్షణాలలో సరిచేయగలడు. చంకల కింద చేతులు వేసి ఎత్తితే ఆ అవసరమే రాదు.

ఎముక అతికిన పిమ్మట మోచేయి బిగుసుకొని ఉంటుంది. దానికి నూనె రాసి గట్టిగా మర్దించడం మనవారి అలవాటు. గాయపడిన మోచేతికి అది హానికరం. బలవంతపు మర్దన వలన కండరాలలో ఎముక పెరిగే ప్రమాదం ఉన్నది. పిల్లవాడు తనంతట తాను చేతిని మెల్లగా ఆడించడమే మేలు. చేయి పూర్తిగా చాచుకోకపోతే దిగులుపడనక్కరలేదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1981లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, నిత్యకృత్యాలలో చాలావాటికి 100 డిగ్రీల వంపు, అంతే తిరుగుడు సరిపోతాయి. ఎముక కాస్త వంకరగా అతికినా ఆ చేయి అన్నం తినగలదు, ఆకు కోయగలదు. కండరాలు చచ్చిన చేతికి ఆ భాగ్యం ఉండదు.