కొండ గుర్రానికి మేత ఎంత? మోత ఎంత?

పాడేరు ఏజెన్సీలో సంత రోజు వచ్చిందంటే తెల్లవారుజామునే కొండదారుల్లో గుర్రాలు దిగుతుంటాయి. మిరియాలు, పసుపు, అల్లం, రాజ్‌మా మూటలు వాటి వీపు మీదే సంతకు చేరతాయి. తిరుగు దారిలో బియ్యం, ఉప్పు, నూనె కొండెక్కుతాయి. జీపు వెళ్లలేని ఊళ్లలో గుర్రమే లారీ. అది కాస్తా పోతే ఆ బరువంతా మళ్లీ ఇంటి ఆడవాళ్ల నెత్తి మీదికి, మగవాళ్ల కావిడి మీదికి వస్తుంది.

ఇంత అక్కరకొచ్చే జంతువును మేత దగ్గర మాత్రం ఆవుతో సమానంగా చూడటం పొరపాటు. మామూలు రోజుల్లో వట్టి వరిగడ్డి పడేసి, సంత నాడు బలం రావాలని ఒకేసారి గంపెడు దాణా పెడితే గుర్రానికి బలం రాదు సరికదా, ప్రాణం మీదికి వస్తుంది. ఎందుకో చూద్దాం.

గుర్రం నెమరు వేయదు

ఆవు కడుపులో నాలుగు గదులుంటాయి. గబగబా మేసి, తీరిగ్గా పడుకుని నెమరు వేసుకుంటుంది. గుర్రానికి ఉన్నది ఒకటే కడుపు, అదీ చిన్నది. 500 కిలోల పెద్ద గుర్రం కడుపులోనే 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. మన కొండ గుర్రం కడుపు ఇంకా చిన్నది. గడ్డిలోని పీచు కడుపులో కాక వెనక పెద్దపేగులో పులిసి అరుగుతుంది.

దాణా ఒకేసారి ఎక్కువగా పడితే సగం అరగకుండానే పెద్దపేగులోకి జారిపోతుంది. అక్కడ పులిసి, గ్యాసు పట్టి కడుపు శూల వస్తుంది. కొన్నిటికి గిట్టల లోపల వాపు వచ్చి అడుగు తీసి అడుగు వేయలేవు. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి తిన్నది బయటికి వచ్చే దారి కూడా లేదు.

అలాగని ఖాళీ కడుపుతో ఉంచడమూ మంచిది కాదు. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి మేత లేకపోతే కడుపులో పుండ్లు పడతాయి. అందుకే కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు మేపాలి.

బరువు చూసి మేత

తూకం లేకుండానే గుర్రం బరువు అంచనా వేయవచ్చు. దర్జీ టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకోవాలి. భుజం ముందుభాగం నుంచి పిరుదు చివరి దాకా పొడవు కొలవాలి. రెండూ సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 135, పొడవు 130 ఉన్న గుర్రం సుమారు 200 కిలోలు తూగుతుంది.

పనిచేసే గుర్రానికి రోజుకు, తడి తీసేసి లెక్కిస్తే, ఒంటి బరువులో నూటికి 2 నుంచి 2.5 వంతుల మేత కావాలి. అంటే 200 కిలోల గుర్రానికి 4 నుంచి 5 కిలోలు. ఇందులో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి. ఒక కిలో ఎండుగడ్డికి బదులు 4 కిలోల పచ్చిగడ్డి లెక్క వేసుకోవచ్చు. ఈ కింది విధంగా ఇస్తే సరిపోతుంది:

* పచ్చిగడ్డి 8 కిలోలు, ఎండుగడ్డి 2 కిలోలు. రోజంతా మూడు నాలుగు దఫాలుగా వేయాలి.
* నానబెట్టి ఉడికించిన ఉలవలు అర కిలో (ఉడకకముందు తూకం), నలగ్గొట్టిన మొక్కజొన్న లేదా చోడి అర కిలో. ఈ కిలో దాణాను ఉదయం సగం, సాయంత్రం సగం పెట్టాలి.
* ఉప్పు 20 గ్రాములు.
* నీళ్లు మామూలు రోజుల్లో 10 నుంచి 12 లీటర్లు. ఎండలో మోత మోసిన రోజు దీనికి రెట్టింపు తాగుతుంది.

పని లేని రోజు దాణా సగానికి తగ్గించాలి. కట్టేసి నిండుగా దాణా పెట్టి, మర్నాడు బరువుతో కొండెక్కిస్తే కండరాలు బిగుసుకుపోయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. అప్పుడు ఒక్క అడుగు కూడా నడిపించకుండా డాక్టరును పిలవాలి.

మేత మార్చాలంటే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. బయలుదేరే ముందు రెండు గంటల లోపు దాణా పెట్టొద్దు. గుప్పెడు గడ్డి వేస్తే మాత్రం మంచిదే. సంత నుంచి వచ్చాక బరువు దించి, కాసేపు నెమ్మదిగా నడిపించి, నీళ్లు కొంచెం కొంచెంగా పట్టాలి. తర్వాత గడ్డి వేయాలి. గంట ఆగి దాణా పెట్టాలి.

ఇవి పెట్టొద్దు

బూజు పట్టిన మొక్కజొన్న, గడ్డి వేయకూడదు. బూజు మొక్కజొన్న విషం గుర్రం మెదడును దెబ్బతీస్తుంది. కోళ్ల దాణా అసలే వద్దు. అందులో కలిపే కొన్ని మందులు కోడికి పనికొచ్చినా గుర్రం గుండెకు విషం. తవుడు ఒక్కటే నమ్ముకుంటే ఎముకల్లో సున్నం తగ్గిపోతుంది. వట్టి వరిగడ్డి మీద ఉంచి నీళ్లు తక్కువ పడితే పేగులో గడ్డి ఉండ కట్టుకుంటుంది.

రెండు బస్తాలు ఎక్కువే

బియ్యం బస్తా 50 కిలోలు. చెరో పక్క ఒకటి వేస్తే 100 కిలోలు. మోత జంతువుల గురించి 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి వేయకూడదు. బస్తా విప్పి చెరో పక్క 35 కిలోలు కట్టుకోవాలి. ఒక పక్క ఎక్కువైతే జీను జారి మూపు మీద పుండు పడుతుంది. జీను కింద మెత్తని గోనె మడత లేకుండా పరవాలి. ఆపకుండా 5 గంటలు, రోజు మొత్తం మీద 9 గంటలు దాటి పని చేయించకూడదని, ఎండ 37 డిగ్రీలు దాటే చోట్ల మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆపాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది.

పుండును చిన్నదని వదిలేయొద్దు. గుర్రానికి ధనుర్వాతం చాలా తొందరగా వస్తుంది. ముందుగానే టీకా వేయించాలి. రోజూ గిట్టల్లో రాళ్లు తీసేయాలి. నమిలిన గడ్డి ఉండలుగా నోట్లోంచి రాలుతుంటే పళ్లు చూపించాలి. లద్దె పరీక్ష చేయించి నట్టల మందు తాగించాలి.

శూల వస్తే

గుర్రం మేత మానేసి, తల తిప్పి తన పొట్ట వైపు చూసుకుంటుంది. ముందుకాలితో నేల గీకుతుంది. పడుకుని లేస్తూ పొర్లుతుంది. చెమటలు పడతాయి, లద్దె ఆగిపోతుంది. వెంటనే మేత తీసేయాలి. నడవగలిగితే నెమ్మదిగా నడిపించాలి. నోట్లోగానీ ముక్కులోగానీ నూనె, కషాయం పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. సిగ్నల్ అందే చోటి నుంచి పశువుల అంబులెన్సు 1962కు ఫోన్ చేయాలి. వాహనం ఊరిదాకా రాలేకపోతే రోడ్డు ఎక్కడ అందుతుందో ముందే చెప్పాలి. తెల్లారే దాకా చూద్దామనుకోవద్దు. శూల వచ్చిన గుర్రానికి గంటలే లెక్క.

రోజుకు రెండుసార్లు పెట్టే మేతనే నాలుగుసార్లుగా పెడితే పైసా ఖర్చు లేదు. వచ్చే సంత నుంచే మొదలుపెట్టండి.