ఒకే చేతిలో వంతూ తూమూ

పానగల్‌లో ఉదయసముద్రం కట్ట ఎక్కితే కందూరు చోడుల నాటి చెరువు కళ్లముందు పరుచుకుంటుంది. ఇప్పుడు అందులో నిలిచేవి కృష్ణా నీళ్లు. మన చెరువుల కింద ఒకప్పుడు నీరటికాడు ఉండేవాడు. ఏ రోజు ఎవరి మడికి వంతో చెప్పేదీ, తూము ఎంత ఎత్తాలో చూసేదీ ఆయనే. మట్టం తగ్గితే వంతులు మార్చేవాడు. వాన పడితే తూము మూసేవాడు.

మందుల ఫ్యాక్టరీలో ఈ పని ఇద్దరికి పంచారు. ఏ బ్యాచ్ ఎప్పుడు ఎక్కాలో ప్లానింగ్ వాళ్లు చెబుతారు. వాల్వు ఎంత తెరవాలో కంట్రోల్ రూమ్ చూసుకుంటుంది. ఆ రెండూ మళ్లీ ఎలా కలుస్తున్నాయన్నదే ఈ కథ.

ఉమ్మడి నల్లగొండలోని చౌటుప్పల్ దగ్గర లింగోజిగూడెంలో మందుల కంపెనీ దివీస్ తొలి ప్లాంటు 1995లో మొదలైంది. అలాంటి బల్క్ డ్రగ్ ప్లాంట్లలో ఎక్కువగా కనిపించే పాత్ర జీఎల్ఆర్ (గ్లాస్ లైన్డ్ రియాక్టర్). ఉక్కు తొట్టి, యాసిడ్ తినకుండా లోపల గాజు పూత, చుట్టూ ఆవిరో చల్లనీళ్లో తిరిగే జాకెట్. నెల్లాళ్లు ఒక మందు, కడిగి ఆరబెట్టాక ఇంకో మందు. చమురు శుద్ధి కర్మాగారంలా రాత్రింబవళ్లు ఒకే ధార కాదు, పెళ్లివారి వంటశాలలా గుండిగ తర్వాత గుండిగ.

వాల్వు వైపు మార్పు ముందొచ్చింది. కార్ల ఫ్యాక్టరీల్లో రిలే బీరువాల బదులు వాడేందుకు డిక్ మోర్లీ 1968లో పీఎల్‌సీని (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్‌ను) ఊహించాడు. 1975లో హనీవెల్, యోకోగావా కంపెనీల కంప్యూటర్ కంట్రోల్ వ్యవస్థలు వచ్చాయి. 1995లో ఐఎస్ఏ-88 అనే ప్రమాణం వంటకాన్నీ పొయ్యినీ వేరుచేసింది: రెసిపీ ఒకచోట, పరికరం ఇంకోచోట.

వంతుల వైపు లెక్క 1993లో గట్టిపడింది. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన కొండిలి, పాంటెలిడెస్, సార్జెంట్ ఏ సరుకు ఏ పనిలోంచి ఏ పాత్రలోకి పోతుందో ఒక వలగా గీసి, మంచి వరుస ఏదో కంప్యూటర్ తేల్చేలా చేశారు. అయితే అలాంటి లెక్కల్లో ‘ఈ బ్యాచ్‌కు ఎనిమిది గంటలు’ అని ముందే రాసిపెట్టుకోవడం మామూలు. నా దృష్టిలో చిక్కంతా ఆ ఎనిమిదిలోనే ఉంది.

వేడి పుట్టించే చర్య ఒకటి తీసుకుందాం. రసాయనాన్ని కొద్దికొద్దిగా వదలాలి. ఎంత వేగంగా వదలొచ్చో జాకెట్ ఎంత వేడి లాగగలదన్నదాన్ని బట్టి ఉంటుంది. జాకెట్ నీళ్లు కూలింగ్ టవర్ నుంచి వస్తాయి. మండే మేలో ఇంట్లో కూలర్ బాగానే పనిచేస్తుంది, తొలకరి ఉక్కలో చేతులెత్తేస్తుంది. గాలిలో తేమ పెరిగితే నీరు అంతగా ఆవిరి కాదు, చల్లదనం తగ్గుతుంది. టవర్‌కూ అదే గతి. జనవరిలో ఎనిమిది గంటల బ్యాచ్ జూన్‌లో తొమ్మిది దాటొచ్చు. రెండు జీఎల్ఆర్‌లు ఒకేసారి బ్రైన్ (బాగా చల్లబరిచిన ఉప్పునీరు) అడిగితే రెండూ నెమ్మదిస్తాయి. అంటే వంతు మారితే తూము మారుతుంది, తూము మారితే వంతు మారుతుంది.

స్ఫటికాల విషయం నాకు ఇంకా ఇష్టం. తొందరపడి చల్లారిస్తే పలుకు సన్నబడుతుంది, సెంట్రిఫ్యూజ్‌లో వడకట్టడానికి చాలాసేపు పడుతుంది. నిదానంగా చల్లారిస్తే పలుకు పెద్దదై తొందరగా వడుస్తుంది. సెంట్రిఫ్యూజ్ ఎలాగూ సాయంత్రం దాకా ఖాళీ లేదని జీఎల్ఆర్‌కు తెలిస్తే పరుగెత్తాల్సిన పనే లేదు. ఆ ఒక్క కబురు చాలు. కానీ చాలా చోట్ల ఆ కబురు ఇప్పటికీ ఫోన్‌లోనే వెళుతుంది.

యంత్రానికి దీన్ని నేర్పడం తేలిక కాదు. ఏ పాత్ర, ముందా వెనకా అన్నవి అవును-కాదు నిర్ణయాలు. ఉష్ణోగ్రత క్షణక్షణం మారే వక్రరేఖ. రెండింటినీ ఒకే లెక్కలో వేస్తే కంప్యూటర్ గంటలు తీసుకోవచ్చు, వాల్వు మాత్రం క్షణాల్లో జవాబు అడుగుతుంది. ఈ రంగంలో జరిగిన పనిని 2014లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బాల్డియా, ఏబీబీ కంపెనీ పరిశోధకుడు ఇరో హర్యుంకోస్కి ఒకచోట సమీక్షించారు. ఒక దారి ఏమిటంటే, కంట్రోలర్ ఎలా నడుచుకుంటుందో చిన్న నమూనాగా కుదించి, దాన్నే వంతుల లెక్కకు అందివ్వడం.

మందుల విషయంలో ఇంకో గట్టు ఉంది. అనుమతి పత్రాల్లో రాసిన ఉష్ణోగ్రత, సమయాల హద్దులు దాటకూడదు. ఎంత తెలివైన లెక్కయినా ఆ హద్దుల లోపలే జరగాలి. వేడి మితిమీరితే రసాయనాన్ని ఆపేసే ఇంటర్‌లాక్‌ను ఏ షెడ్యూలూ ముట్టుకోకూడదు. జూన్ ఉక్కలో, రెండో జీఎల్ఆర్ ఎంత వెనకబడినా సరే.