వైద్యమా... పరిశోధనా? అమెరికా ప్రయాణానికి ముందే తేల్చుకోవాలి

రెసిడెన్సీ, పీహెచ్‌డీ వేర్వేరు గమ్యాలు
ఒకదానిని రెండోదానికి మెట్టుగా భావిస్తే విలువైన ఏళ్లు వృథా

భీమవరం: ఎంబీబీఎస్ పూర్తి చేసి హౌస్ సర్జన్సీ ముగింపునకు వచ్చిన యువ వైద్యుల ఇళ్లలో ఒక చర్చ తరచూ వినిపిస్తుంటుంది. పీజీ నీట్‌లో కోరుకున్న విభాగం దక్కకపోతే అమెరికా వెళ్లాలన్నది అందరూ అనుకునేదే. అక్కడికి వెళ్లి ఏమి చేయాలన్న దగ్గరే చిక్కు వస్తోంది. ఆసుపత్రిలో చేరి స్పెషలిస్టుగా శిక్షణ పొందే రెసిడెన్సీ ఒక దారి. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పరిశోధన చేసి డాక్టరేట్ పొందడం మరో దారి. పేరులో రెండింటికీ ‘డాక్టరు’ ఉండటంతో రెండూ ఒకటేనని భావించే తల్లిదండ్రులూ లేకపోలేదు.

ఈ అయోమయాన్ని కొన్ని కన్సల్టెన్సీలు సొమ్ము చేసుకుంటున్నాయి. ‘ముందు పీహెచ్‌డీ పేరుతో అమెరికాలో కాలు పెడితే చాలు, అక్కడి నుంచి రెసిడెన్సీ సులువు’ అన్నది విద్యార్థులకు చెప్పే మాట. పొలం తనఖా పెట్టి పిల్లలను పంపాలనుకునే కుటుంబాలు ఈ మాటను నమ్మే ముందు అక్కడి నిబంధనలను ఒకసారి పరిశీలించడం అవసరం.

రోగిని తాకాలంటే రెసిడెన్సీయే

అమెరికాలో స్వతంత్రంగా వైద్యం చేయాలంటే మన ఎంబీబీఎస్ పట్టా ఒక్కటే చాలదు. ఇక్కడ ఎండీ చేసిన వారైనా సాధారణంగా అక్కడ మళ్లీ రెసిడెన్సీ చేయాల్సిందే. జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యం, ఫ్యామిలీ మెడిసిన్ విభాగాలకు మూడేళ్లు, జనరల్ సర్జరీకి అయిదేళ్లు, న్యూరోసర్జరీకి ఏడేళ్లు పడుతుంది. గుండె, కిడ్నీ వంటి ప్రత్యేక విభాగాలకు ఆపైన ఫెలోషిప్ ఉంటుంది. ఈ కాలమంతా జీతం వస్తుంది. మొదటి ఏడాదిలోనే అది సాధారణంగా 60 వేల డాలర్లు దాటుతుంది. అందుకు తగ్గట్టే పని కూడా కఠినం. వారానికి సగటున 80 గంటలకు మించరాదన్నది అక్కడి నిబంధన. అంటే ఆ 80 గంటల వరకు పని చేయించవచ్చన్నమాట.

ప్రవేశానికి యూఎస్ఎంఎల్ఈ స్టెప్-1, స్టెప్-2 సీకే పరీక్షల్లో ఉత్తీర్ణత తప్పనిసరి. ఈ రెండింటినీ హైదరాబాద్‌లోనే రాయవచ్చు. ఒక్కో పరీక్షకు వెయ్యి డాలర్లకు పైగా ఖర్చవుతుంది. స్టెప్-3 మాత్రం అమెరికా వెళ్లి రాయాలి. 2022 జనవరి నుంచి స్టెప్-1కు మార్కులు ఇవ్వడం మానివేసి, ఉత్తీర్ణులయ్యారా లేదా అన్నది మాత్రమే ప్రకటిస్తున్నారు. దీంతో భారమంతా స్టెప్-2 మార్కులపై పడింది. ఒకసారి ఉత్తీర్ణులైన పరీక్షను మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. కనుక తొందరపడి రాసి అత్తెసరు మార్కులతో గట్టెక్కడం కంటే మరికొన్ని నెలలు చదివి రాయడమే మేలు. వీటికి తోడు ఈసీఎఫ్ఎంజీ ధ్రువపత్రం, ఆంగ్ల పరీక్ష, అక్కడి ఆసుపత్రుల్లో కొద్దికాలం పనిచేసిన అనుభవం, వైద్యుల సిఫార్సు లేఖలు కావాలి.

చదివిన కళాశాలను గుర్తించిన సంస్థకు అంతర్జాతీయ గుర్తింపు ఉందా లేదా అన్నది ఆసుపత్రులకు పంపే ఈసీఎఫ్ఎంజీ నివేదికలో తెలియజేసే విధానం 2024లో అమలులోకి వచ్చింది. అంతకుముందే, 2023 సెప్టెంబరులో మన జాతీయ వైద్య కమిషన్‌కు ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య పదేళ్ల గుర్తింపు ఇవ్వడంతో ఆ చింత తప్పింది. అదే ఏడాది ఏలూరు, రాజమహేంద్రవరం, మచిలీపట్నంలలో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలల విద్యార్థులకూ ఇది ఊరట కలిగించే విషయమే.

ఇన్ని చేసినా సీటు ఖాయం కాదు. మ్యాచ్ పేరిట కంప్యూటర్ ద్వారా అభ్యర్థులను, ఆసుపత్రులను జత చేసే విధానంలో 2024లో విదేశీ పౌరులైన విదేశీ పట్టభద్రుల్లో సుమారు 58 శాతం మందికే స్థానం దక్కింది. అన్ని పరీక్షలూ గట్టెక్కి వచ్చిన వారిలోనే పదిమందికి నలుగురు వెనుదిరిగారన్నమాట.

పీహెచ్‌డీకి డబ్బు కట్టనక్కరలేదు

పీహెచ్‌డీ తీరు వేరు. జీవవైద్య శాస్త్రాల్లో ఎంబీబీఎస్ పట్టాతోనే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. జీఆర్ఈ అక్కరలేదంటున్న విశ్వవిద్యాలయాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. సీటు వస్తే ఫీజు మాఫీ చేసి, ఏటా సుమారు 30 నుంచి 45 వేల డాలర్ల భృతి ఇస్తారు. పూర్తికావడానికి అయిదారేళ్లు పడుతుంది. గైడు మంచివాడు కాకుంటే ఇంకా ఎక్కువే. ఆ తర్వాత పోస్ట్ డాక్టోరల్ పరిశోధన, ఆపై విశ్వవిద్యాలయంలోనో ఔషధ సంస్థలోనో ఉద్యోగం. పీహెచ్‌డీ చేసినంత మాత్రాన రోగికి మందు రాసే హక్కు రాదు. ఎంబీబీఎస్ చదివిన వ్యక్తి అక్కడి ప్రయోగశాలలో విద్యార్థి మాత్రమే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కన్సల్టెన్సీలు పీహెచ్‌డీ అని చెప్పి చివరకు చేర్పించేది చాలాసార్లు ప్రజారోగ్యంలో మాస్టర్స్ వంటి కోర్సుల్లో. పీహెచ్‌డీలో విశ్వవిద్యాలయమే విద్యార్థికి డబ్బు ఇస్తుంది. ఈ మాస్టర్స్ కోర్సుల్లో విద్యార్థే లక్షల రూపాయలు కట్టాలి. భృతి ప్రస్తావన లేని ప్రవేశ పత్రం చేతికి వస్తే అనుమానించాల్సిందే.

అసలు ముప్పు గడువులతోనే

పీహెచ్‌డీ తర్వాత రెసిడెన్సీకి వెళ్లడం అసాధ్యమేమీ కాదు. వెళ్లిన వారు ఉన్నారు. పెద్ద విశ్వవిద్యాలయ ఆసుపత్రులు పరిశోధన అనుభవానికి విలువ ఇస్తాయి కూడా. అయితే చాలా ఆసుపత్రులు ఎంబీబీఎస్ పూర్తయి అయిదేళ్లు దాటిన వారి దరఖాస్తులను మొదటి వడపోతలోనే పక్కన పెడుతున్నాయి. అయిదారేళ్ల పీహెచ్‌డీ ముగిసేసరికి అభ్యర్థి ఈ గీత దాటిపోతాడు. అప్పటికి స్టెతస్కోపు పట్టి ఎన్నాళ్లయిందన్న ప్రశ్న కూడా ఎదురవుతుంది.

రెండో గడువు పరీక్షలది. ఈసీఎఫ్ఎంజీ ధ్రువపత్రానికి అవసరమైన పరీక్షలను ఏడేళ్ల వ్యవధిలో పూర్తి చేయాలి. మూడు స్టెప్‌లూ ఏడేళ్లలో ముగించాలని లైసెన్సు ఇచ్చే రాష్ట్రాలు అనేకం. కొన్ని రాష్ట్రాలు మాత్రం వైద్యంతో పాటు పీహెచ్‌డీ చేసిన వారికి ఈ గడువు సడలిస్తున్నాయి. స్టెప్-1 రాసి పీహెచ్‌డీలో చేరి, మిగతావి తీరికగా రాద్దామనుకుంటే ఈ లెక్క తప్పే ప్రమాదం ఉంది.

రెసిడెన్సీ తర్వాత పరిశోధనకు మళ్లడానికి ఇలాంటి అడ్డంకులు లేవు. కొన్ని ఆసుపత్రులు శిక్షణలోనే పరిశోధనకు ప్రత్యేక కాలం కేటాయిస్తాయి. అంటే వైద్యం నుంచి ప్రయోగశాలకు తలుపు తెరిచే ఉంటుంది. ప్రయోగశాల నుంచి వైద్యానికి మాత్రం ఏడాదికేడాది మూసుకుంటూ వస్తుంది. రెండూ ఇష్టమేనని, ఏది ముందో తేలడం లేదని చెప్పే విద్యార్థికి ఈ ఒక్క విషయమే నిర్ణయం చెప్పేస్తుంది.

వీసా లెక్కలూ వేరే

రెసిడెంట్లలో అధికులు జె-1 వీసాపై వెళ్తారు. దీనికి మన కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి పత్రం తీసుకోవాలి. శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది షరతు. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేసేందుకు ఒప్పుకుంటే మినహాయింపు పొందవచ్చు. ఇందుకు ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 చొప్పున కాన్రాడ్ స్థానాలు ఉన్నాయి. పీహెచ్‌డీ విద్యార్థులు సాధారణంగా వెళ్లే ఎఫ్-1 వీసాకు ఈ రెండేళ్ల షరతు లేదు. చదువయ్యాక ఏడాది, సైన్సు విభాగాలకు మరో రెండేళ్లు అక్కడే ఉద్యోగం చేసే వీలుంది. ఆ తర్వాత హెచ్-1బీ దొరకాలి. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో ఈ మెట్టు మరింత ఎత్తయింది.

2025 సంవత్సరం రెండు దారుల వారినీ కలవరపెట్టింది. పరిశోధన నిధుల కోతతో కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలను తగ్గించుకున్నాయి. మే నెలాఖరున విద్యార్థి, జె-1 వీసా ఇంటర్వ్యూల కేటాయింపు కొన్ని వారాలు నిలిచిపోవడంతో, జులై 1న విధుల్లో చేరాల్సిన కొత్త రెసిడెంట్లు ఆందోళనకు గురయ్యారు.

ఎల్లాప్రగడ బాట

పరిశోధన దారిని చిన్నచూపు చూడనక్కరలేదు. ఈ భీమవరంలోనే 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1920వ దశకం తొలినాళ్లలో అమెరికా చేరారు. అక్కడ వైద్యం చేసేందుకు లైసెన్సు లేక, ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. 1930లో జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. కేన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం వెనుక ఆయన కృషి ఉంది. గోదావరి డెల్టాను పీడించిన బోదకాలు నివారణకు ఇంటింటా పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన నేతృత్వంలోని పరిశోధనల ఫలితమే. అయితే ఆయన పేరు చెప్పి విద్యార్థులను పీహెచ్‌డీకి పంపేవారు ఒక సంగతి దాటవేస్తారు. 1948లో కన్నుమూసే వరకు ఆయన అమెరికాలో వైద్యవృత్తి చేపట్టలేదు. ఆయన జీవితం ప్రయోగశాలలోనే గడిచింది.

తనది అలాంటి మనసేనా అన్నది విద్యార్థి ముందే పరీక్షించుకోవచ్చు. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి ప్రయోగశాలలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఏదో ఒక ప్రయోగశాలలో ఆరు నెలలు పనిచేస్తే, విఫలమైన ప్రయోగాన్ని పదోసారి చేయాల్సి వచ్చినప్పుడు విసుగు వస్తుందో, పట్టుదల పెరుగుతుందో తెలిసిపోతుంది. అదే ఆరు నెలలు జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేస్తే రెండో ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

రెసిడెన్సీకి దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి. ఫలితాలు మార్చి మూడో వారంలో వెలువడతాయి. పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు ఎక్కువ విశ్వవిద్యాలయాల్లో డిసెంబరులో ముగుస్తుంది. సెప్టెంబరులో రెసిడెన్సీకి దరఖాస్తు చేయాలనుకునేవారు స్టెప్-2 ఫలితం అప్పటికే చేతిలో ఉండేలా చూసుకోవాలి. అందుకు హౌస్ సర్జన్సీ మొదలైన నాటి నుంచే పుస్తకాలు తెరవాల్సి ఉంటుంది.