వైపర్ అప్‌గ్రేడ్ గైడ్: మార్కాపురం, గిద్దలూరు రోడ్లకి కొత్త బ్లేడ్ ఒక్కటే సరిపోదు

కొత్త ఫోన్ బాక్స్ తెరిచిన పది నిమిషాల్లో టెంపర్డ్ గ్లాస్ వేయించేస్తాం. అదే లక్షలు పోసి కొన్న కారు ముందద్దం గురించి ఎంతమంది ఆలోచిస్తారు? ఏడాదంతా దుమ్ములో, ఎండలో ఉండి, వర్షం పడిన రోజు మాత్రమే గుర్తొచ్చే పార్ట్ ఏదైనా ఉందంటే అది వైపరే.

ఈసారి ఫోన్లు పక్కన పెట్టి దీని గురించి మాట్లాడుకుందాం. కారణం సింపుల్. ఆన్‌లైన్‌లో కనిపించే వైపర్ రివ్యూలు చాలావరకు వర్షం ఎక్కువ, దుమ్ము తక్కువ ఉండే దేశాల కోసం రాసినవి. మా పశ్చిమ ప్రకాశంలో సీన్ రివర్స్. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు వైపర్ తుడిచేది వాన నీళ్లని కాదు, దుమ్ముని. అందుకే కొనే ముందు ఆలోచించాల్సిన ఆర్డర్ కూడా మారుతుంది.

మన దగ్గర అసలు సమస్య ఏంటి?

యూట్యూబ్‌లో ఫోన్ డ్యూరబిలిటీ టెస్టులు చూసేవాళ్లకి మోహ్స్ స్కేల్ గురించి చెప్పక్కర్లేదు. మామూలు గాజు గట్టిదనం ఆ స్కేల్ మీద సుమారు 5.5. క్వార్ట్జ్ ది 7. అంటే క్వార్ట్జ్ రేణువు గాజు మీద గీత పెట్టగలదు. మార్కాపురం అనగానే గుర్తొచ్చేది పలక. ఒకప్పుడు దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన రాతి పలకలు ఇక్కడి క్వారీల నుంచే వెళ్లాయి. ఆ పలకరాయిలో మైకా, బంకమన్ను ఖనిజాలతో పాటు క్వార్ట్జ్ కూడా ఉంటుంది. క్వారీల వైపు, రాయి కోసే యూనిట్ల వైపు తిరిగే బండి అద్దం మీద సన్నటి బూడిదరంగు పొర పడుతుంది కదా, అందులో ఇదీ ఉంటుంది. క్వారీ లేని ఊళ్లలో ఎర్రమట్టి రోడ్ల దుమ్ము అదే పని చేస్తుంది.

ఆ పొర మీద నీళ్లు లేకుండా వైపర్ ఆన్ చేశామనుకోండి, రబ్బరు ఆ రేణువుల్ని అద్దానికి నొక్కిపట్టి అర్ధచంద్రాకారంలో లాగుతుంది. ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఒక్కసారికి ఏమీ కనపడదు. రెండు మూడేళ్లు అలా చేశాక పగలు కూడా బాగానే ఉంటుంది. తేడా తెలిసేది రాత్రి. ఎదురుగా లారీ హెడ్‌లైట్ పడగానే ఆ సన్నటి గీతలన్నీ వెలుగుని చెదరగొడతాయి, అద్దమంతా తెల్లగా మెరిసి ముందున్న మలుపు మాయమవుతుంది.

రెండో విలన్ నీళ్లు. మా వైపు బోరు నీళ్లతో బకెట్ అడుగున, గీజర్ లోపల తెల్లగా గార పడుతుంది. చాలామంది దీన్ని ఫ్లోరైడ్ అనుకుంటారు. ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య నిజమే, కానీ ఆ తెల్లటి గార ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలది. అదే నీళ్లు వాషర్ ట్యాంకులో పోస్తే నాజిల్ రంధ్రం నెమ్మదిగా పూడుకుపోతుంది. ఎండకి కాలిన అద్దం మీద పడ్డ చుక్క క్షణాల్లో ఆరి తెల్ల మచ్చ వదులుతుంది. ఆ మచ్చ మీద రబ్బరు అంచు అరుగుతుంది.

మూడోది ఎండ. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో బయట పార్క్ చేసిన బండి వైపర్ రబ్బరు అతినీలలోహిత కిరణాలకి, ఓజోన్‌కి గట్టిపడి అంచు పగులుతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బగ్ పుట్టేది మే నెలలో, టికెట్ రైజ్ అయ్యేది అక్టోబర్‌లో.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల సీజన్. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటిది వస్తే వర్షం అడిగి రాదు. ఆ టైంలో గిద్దలూరు నుంచి దిగువమెట్ట, పచ్చర్ల మీదుగా నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్‌లోనో, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలోనో ఉంటే ఆగి బ్లేడ్ కొనడానికి షాపు దొరకదు. వీధి దీపాలుండవు, మలుపులుంటాయి, ఎదురుగా లారీలుంటాయి.

రెండు నిమిషాల హిస్టరీ

అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆమె 1903 నవంబర్‌లో వైపర్‌కి పేటెంట్ తీసుకుంది. లోపల కూర్చుని చేత్తో లివర్ తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచేది. ఆగి ఆగి తిరిగే ఇంటర్మిటెంట్ వైపర్ కథ ఇంకా ఇంట్రెస్టింగ్. రాబర్ట్ కియర్న్స్ అనే ఇంజనీర్ 1964లో దానికి పేటెంట్ అప్లికేషన్ పెట్టాడు. ట్రాన్సిస్టర్, రెసిస్టర్, కెపాసిటర్ ఉన్న చిన్న సర్క్యూట్ అది. కెపాసిటర్ చార్జ్ అవడానికి పట్టే టైమే వైపర్ ఆగే టైం. బీటెక్ ఫస్టియర్ ల్యాబ్‌లో చేసిన ఆర్‌సీ సర్క్యూట్ గుర్తొచ్చిందా? ఆ సర్క్యూట్ కోసం ఆయన పెద్ద కార్ల కంపెనీలతో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాడు. 2008లో సినిమా కూడా వచ్చింది, పేరు ‘ఫ్లాష్ ఆఫ్ జీనియస్’.

ఈ ఇంటర్మిటెంట్ మోడ్ మనకి చాలా ముఖ్యం. తుంపర పడుతున్నప్పుడు స్పీడ్ మోడ్‌లో పెడితే నీళ్లు చాలక రబ్బరు పొడి అద్దం మీద తిరుగుతుంది. తుంపరకి ఇంటర్మిటెంటే కరెక్ట్.

స్టెప్ 1: ముందు నీళ్లు మార్చండి

అప్‌గ్రేడ్ అంటే అందరూ బ్లేడ్‌తో మొదలుపెడతారు. మన ఊళ్లకి మొదటి అప్‌గ్రేడ్ వాషర్ ట్యాంకులో నీళ్లు. ఎందుకంటే దుమ్ముని అద్దం మీద నుంచి లేపి జారేలా చేసేది నీళ్లే, రబ్బరు చేసేది ఆ తర్వాతి పని.

పెన్ సైజు టీడీఎస్ మీటర్ ఉంటే మీ బోరు నీళ్లలో ముంచి చూడండి. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా ఓకే. టీడీఎస్ అంటే నేరుగా కఠినత్వం కాదు గానీ, రీడింగ్ ఎక్కువగా ఉంటే ఆ నీళ్లు ట్యాంకుకి వద్దనుకోవచ్చు.

మరి ఏం పోయాలి? ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ బెస్ట్. ఆర్వో క్యాన్ నీళ్లు కూడా సరిపోతాయి. తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లలో కారుకి ఆర్వో నీళ్లా అని ఇంట్లో అడుగుతారు, న్యాయమే. దానికో ఫ్రీ సొల్యూషన్ ఉంది: ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. అది గాలిలోని తేమ చల్లబడి వచ్చినది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. గుడ్డలో వడకట్టి పోయండి. దాంట్లో వాషర్ కాన్‌సెంట్రేట్ ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలపండి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పౌడర్ వద్దు. నురగ వస్తుంది, ఆరాక పొర మిగులుతుంది. వర్షం తర్వాత దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు అద్దానికి కొట్టుకుంటే ఉత్త నీళ్లతో పోవు, కాన్‌సెంట్రేట్ అవసరం తెలిసేది అప్పుడే.

స్టెప్ 2: నాజిల్

ఇప్పటికే పూడుకుపోయిన నాజిల్‌ని సన్నటి సూదితో మెల్లగా తెరవండి. రాకపోతే నాజిల్ ఊడదీసి కాసేపు వెనిగర్‌లో నానబెట్టండి. గార కరుగుతుంది. వెనిగర్ పెయింట్ మీద పడితే వెంటనే కడిగేయండి.

పాత కార్లలో ఉండే జెట్ నాజిల్ రెండు సన్నటి ధారలు కొడుతుంది. దాని బదులు ఫ్యాన్ నాజిల్ పెడితే విసనకర్రలా పరుచుకుని అద్దం ఎక్కువ భాగం ఒకేసారి తడుస్తుంది. దుమ్ము రోడ్లకి ఇదే బెటర్. మైనస్ ఏంటంటే, హైవే స్పీడ్‌లో గాలికి కొంత తుంపర పైకి కొట్టుకుపోతుంది.

ఇంకో లెవెల్ కావాలంటే వైపర్ ఆర్మ్ మీదే నాజిల్ ఉండే సెటప్. 2012 మెర్సిడెస్ ఎస్ఎల్ కారులో వచ్చిన ‘మ్యాజిక్ విజన్ కంట్రోల్’ ఐడియా ఇదే: నీళ్లు బ్లేడ్ నుంచే, బ్లేడ్ వెళ్లే దిక్కులోనే పడతాయి. తడిసిన వెంటనే తుడుస్తుంది, నీళ్లూ తక్కువ పడతాయి. ఆఫ్టర్‌మార్కెట్‌లో దొరికే ఆర్మ్ నాజిల్‌తో ఇంత నీట్‌గా రాదు గానీ పని జరుగుతుంది. దాంతోపాటు నాన్-రిటర్న్ వాల్వ్ తప్పకుండా పెట్టించండి. అది లేకపోతే పైపులో నీళ్లు ట్యాంకులోకి వెనక్కి జారి, బటన్ నొక్కిన ప్రతిసారీ లేటుగా వస్తాయి, ఆలోపు బ్లేడ్ పొడిగా ఒక రౌండ్ వేసేస్తుంది. కారు వారంటీలో ఉంటే పైపు కోయించే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి.

స్టెప్ 3: బ్లేడ్

మూడు రకాలున్నాయి. ఇనప ఫ్రేమ్ ఉన్న పాత రకం చవక, కానీ కీళ్లలో దుమ్ము చేరి బిగుసుకుంటుంది. ఫ్రేమ్‌లెస్ ఫ్లాట్ బ్లేడ్‌లో లోపలున్న స్టీల్ పట్టీ అద్దం వంపుకి తగ్గట్టు అంతటా దాదాపు సమానంగా నొక్కుతుంది. కీళ్లు లేవు కాబట్టి దుమ్ముకి ఇదే కరెక్ట్. హైబ్రిడ్‌లో ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది.

రబ్బరు విషయంలో సిలికాన్ ఎండకి ఎక్కువ తట్టుకుంటుంది, రేటు కూడా ఎక్కువే. గ్రాఫైట్ పూత ఉన్న మామూలు రబ్బరు స్మూత్‌గా తిరుగుతుంది. బడ్జెట్ టైట్‌గా ఉంటే నా సలహా: ఫ్లాట్ బ్లేడ్, మామూలు రబ్బరు, ప్రతి ఏడాది సెప్టెంబర్‌లో మార్చడం.

సైజు ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. డ్రైవర్ వైపు, పక్కవైపు పొడవులు చాలా కార్లలో వేరు. పొడవెక్కువైతే రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. హుక్ రకం కూడా చూడండి. మన కార్లలో ఎక్కువగా కనిపించేది ఇంగ్లిష్ జే అక్షరంలా వంగిన హుక్.

ఇన్‌స్టలేషన్

1. నీడలో పార్క్ చేసి ఇగ్నిషన్ ఆఫ్ చేయండి. వైపర్లు బానెట్ కింద దాక్కునే కార్లలో మాన్యువల్‌లో చెప్పిన సర్వీస్ పొజిషన్‌కి తీసుకురండి.
2. అద్దం మీద మందపాటి టవల్ పరవండి. బ్లేడ్ తీసేశాక ఉత్త ఇనప ఆర్మ్ స్ప్రింగ్ బలంతో పడితే అద్దం పగులుతుంది.
3. ఆర్మ్ పైకెత్తి, క్లిప్ నొక్కి, బ్లేడ్‌ని ఆర్మ్ కింది వైపుకి జరిపితే హుక్ నుంచి ఊడుతుంది.
4. కొత్త బ్లేడ్ అడాప్టర్‌ని హుక్‌లో పెట్టి పైకి లాగండి. టక్ మని వినిపించాలి.
5. రబ్బరు అంచు మీద ఉన్న ప్లాస్టిక్ కవర్ తీసేయండి.
6. అద్దం కడిగి, గ్లాస్ క్లీనర్‌తో జిడ్డు తీసి, బాగా తడిపాకే ఆన్ చేయండి.

డీబగ్గింగ్

సన్నటి నీటి గీతలు మిగులుతుంటే రబ్బరు అంచులో దుమ్ము ఉంది, లేదా అంచు చిరిగింది. తడి గుడ్డతో తుడిచి చూడండి. పొగలాంటి పొర వస్తే అద్దం మీద జిడ్డో, వాక్స్‌ో ఉంది. ఒక చోట అసలు తుడవకపోతే అక్కడ ఒత్తిడి చాలట్లేదు. ఒకవైపు వెళ్లేటప్పుడే కిర్రుమని ఎగురుతుంటే ఆర్మ్ మెలిక తిరిగి ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించండి. కొత్త బ్లేడ్ వేసినా రాత్రి వెలుగు చెదురుతుంటే గీతలు అద్దంలో ఉన్నాయి. దానికి బ్లేడ్ ఏమీ చేయలేదు.

ఆటో వైపర్, ఏడాస్ ఉన్నవాళ్లకి

రెయిన్ సెన్సర్ అద్దం లోపలి నుంచి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపుతుంది. పొడి అద్దం దాన్ని తిరిగి సెన్సర్‌కి పంపిస్తుంది, నీటి చుక్క ఉంటే కొంత వెలుగు బయటికి పోతుంది. అంత తగ్గితే వర్షం అని అర్థం చేసుకుంటుంది. అద్దం మీద మురికి కూడా దాన్ని తికమక పెట్టగలదు. కాబట్టి దుమ్ము రోడ్ల మీద, ఎండాకాలంలో ఆటో మోడ్ ఆఫ్‌లో పెట్టండి.

ఏడాస్ కెమెరా కూడా చూసేది ఈ అద్దంలోంచే. కెమెరా ముందున్న చోట వైపర్ సరిగ్గా తుడవకపోతే లేన్ గుర్తించడం, ఎమర్జెన్సీ బ్రేకింగ్ లాంటివి పనిచేయకుండా ఆగిపోవచ్చు. లక్షల ఫీచర్ ఒక రబ్బరు పట్టీ మీద ఆధారపడి ఉంది.

ఫైనల్ వెర్డిక్ట్

వైపర్ ఉండాలని 1989 మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. కానీ బండిలో ఉండటం వేరు, ఘాట్‌లో రాత్రి పూట దారి చూపించడం వేరు. ఖర్చు లెక్క చూస్తే ఏసీ నీళ్లు ఫ్రీ, సూది, వెనిగర్ ఇంట్లోనే ఉంటాయి, మంచి ఫ్లాట్ బ్లేడ్ల జత వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటుగా వస్తుంది. గీతలు పడ్డ లామినేటెడ్ అద్దం మార్చాలంటే వేలల్లో.

కాబట్టి ఆర్డర్ ఇది: నీళ్లు, నాజిల్, ఆ తర్వాత బ్లేడ్. బండి తీసే ముందు అద్దం మీద దుమ్ము కనిపిస్తే వైపర్ లివర్ ముట్టుకోకుండా ఒక చెంబు నీళ్లు పోయండి. ఈ పనులన్నీ సెప్టెంబర్ ఆఖరికి పూర్తి చేసి, ఒక రాత్రి లారీలు తిరిగే రోడ్డు మీద అద్దం తడిపి టెస్ట్ చేయండి. అక్కడ ఎదురు లైట్ల వెలుగులో రోడ్డు అంచు క్లియర్‌గా కనిపిస్తేనే నల్లమల ఘాట్‌కి మీ బండి రెడీ.