ఉలి ఎవరి చేతికి, చీపురు ఎవరి చేతికి?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు ఓ పది రోజులు పుస్తకాల సంచి పక్కన పెట్టి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. వినడానికి బాగానే ఉంది. పని నేర్పే చదువును మనం వద్దనలేం. అయితే ‘పని నేర్పడం’ అన్నది ఈ దేశంలో అంత అమాయకమైన మాట కాదు.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లెబడుల్లో ఒక పూట చదువు, రెండో పూట తల్లిదండ్రుల వృత్తి అని పథకం పెట్టింది. చాకలి బిడ్డ చాకిరేవుకు, మాదిగ బిడ్డ తోలు దగ్గరికి వెళ్ళాలన్నమాట. పెరియార్, ఇంకా ఎందరో దాన్ని కులవిద్య అని ఎదిరించారు. 1954లో కామరాజ్ వచ్చాక అది రద్దయింది. 2023లో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం కూడా గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి అనే మాటలే ఎత్తుకుంది. ఆ రూపంలో అమలు చేయబోమని తమిళనాడు ప్రభుత్వం 2024లో చెప్పేసింది.

మరి మన పిల్లలు చేతిపని నేర్చుకోకూడదా? నేర్చుకోవాలి. ఏ పని, ఎవరితో కలిసి, ఏ లెక్కన అన్నదే ప్రశ్న. కులమంటే పని విభజన ఒక్కటే కాదు, పనిచేసేవాళ్ళ విభజన కూడా అని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి లేత్ మంచి ఉదాహరణ.

లేత్‌ను పాత తెలుగులో తరిమెన అన్నారు. ఊళ్ళో కర్రపని వడ్రంగి కులానిది. మాల మాదిగల పెద్దల చేతుల్లో ఉన్నవి మగ్గం, ఆరె, రంపె, నాగలి. కాబట్టి మన పిల్ల లేత్ ముందు నిలబడితే కులవృత్తికి తిరిగిపోయినట్టు కాదు, గీత దాటినట్టు. పుస్తకం తప్ప మరేదీ ముట్టని ఇంటి పిల్లవాడు అదే లేత్ ముందు నిలబడితే వాడూ ఒక గీత దాటినట్టే.

బొంగరమో, చపాతీ కర్రో ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. నలుపలకల కర్రముక్క రెండు చివర్లా మూల నుంచి మూలకు గీతలు గీస్తే అవి కలిసేచోటే కేంద్రం. ఆ రెండు కేంద్రాల మధ్య కర్రను బిగించాలి. కరెంటు వేసేముందు చేత్తో ఒకసారి తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. ఉలి ఆనించే పట్టీ కర్రకు దగ్గరగా ఉండాలి. యంత్రం తిరుగుతుండగా దాన్ని జరపకూడదు. చున్నీ, వదులు చేతులు, విరబోసిన జుట్టు పనికిరావు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

కర్ర పైభాగం మనవైపుకు తిరుగుతూ వస్తుంది. ఉలి అంచును నేరుగా గుచ్చితే కర్ర దాన్ని లాగేసుకుంటుంది. ముందు సానపట్టిన ఏటవాలు ముఖాన్ని కర్రకు ఆనించి, పిడిని మెల్లగా పైకెత్తితే అంచు కోతలోకి దిగుతుంది. ఇది చెబితే వచ్చేది కాదు, చెయ్యి నేర్చుకోవాలి. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న కర్ర నిమిషానికి 1000 సార్లు తిరిగితే దాని అంచు 157 మీటర్లు పరిగెత్తినట్టు. వ్యాసం 10 సెంటీమీటర్లయితే 314 మీటర్లు. అందుకే లావు కర్రను నెమ్మదిగా తిప్పాలి.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్ళు మెత్తని అంకుడు కర్రను ఇలాగే లేత్ మీద తరుగుతారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీ అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నునుపు తేలుతుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వ్యాసం, వేగం, రాపిడి అని బడిలో మార్కులు వేసేదంతా ఆ చేతుల్లో ఉంది. నోట్సులో రాస్తే జ్ఞానం, చేత్తో చేస్తే పనితనం అని పేర్లు మార్చింది కులమే.

అందుకని ఉపాధ్యాయులు మూడు సంగతులు పట్టించుకోవాలి. ఒకటి, క్లాసులో అందరూ లేత్ పట్టాలి. ‘చదువు రానివాళ్ళకు’ అని వేరు చేయకూడదు. రెండు, బొంగరానికి వేసే మార్కులు లెక్కల పేపరు మార్కులతో కలవాలి. మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ అదే అసలు పరీక్ష. సాయంత్రం కింద పడ్డ కర్రపొట్టు ఎవరు ఊడుస్తున్నారు? ఉలి కొందరి చేతికి, చీపురు ఎప్పుడూ ఆ నలుగురి చేతికే వెళ్తుంటే ఆ వర్క్‌షాపులో నేర్పింది లేత్ కాదు, కులం. వంతుల కాగితం రాసి గోడకు అంటించండి. ఉలి పట్టిన ప్రతి చెయ్యీ చీపురు పట్టాలి, చీపురు పట్టిన ప్రతి చెయ్యీ ఉలి పట్టాలి.