మీ చెవిలో ఓ నత్తగుల్ల ఉంది!

సాయంత్రం ఆరింటికి మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ కింద నిలబడితే మన మాట మనకే వినబడదు. ఒకటే హారన్లు! మొన్న అక్కడే రైలెక్కాక, పక్కనున్న కుర్రాడి ఇయర్‌బడ్స్‌లో పాట నాక్కూడా వినిపించింది. రోడ్డు గోలకి పెంచిన సౌండ్‌ని పైకొచ్చాక తగ్గించలేదు మరి. నాకే వినబడిందంటే, అతని చెవిలో ఏం జరుగుతున్నట్టు?

పాట ముందుగా కర్ణభేరిని తాకుతుంది. అది డప్పు తోలులా కంపిస్తుంది. దాని వెనక మూడు బుల్లి ఎముకలు సుత్తి, దాగలి, రికాబు ఆకారాల్లో గొలుసులా ఉంటాయి. రికాబు మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లే! ఇవి ఆ కదలికని కర్ణావర్తానికి అందిస్తాయి. నత్తగుల్లలా చుట్టుకున్న దీని నిండా ద్రవం ఉంటుంది. అందులో లేచిన అల సుమారు 15 వేల రోమకణాల్ని కదిలిస్తే, ఆ సంకేతం నాడి ద్వారా మెదడుకి చేరుతుంది. మనం విన్న పాట అదే.

గుల్ల మొదట్లోని కణాలు కీచు స్వరాల్ని, చివరివి బొంగురు స్వరాల్ని పట్టుకుంటాయి. ఈ అల నడకని కనిపెట్టినందుకు జార్జ్ వాన్ బెకెసీకి 1961లో నోబెల్ వచ్చింది. తమాషా ఏంటంటే ఆయన డాక్టర్ కాదు, హంగరీలో టెలిఫోన్ల మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త!

అసలు చిక్కు ఇక్కడుంది. పాడైన రోమకణాలు కోళ్లలో మళ్లీ పుడతాయి. మనుషుల్లో పుట్టవు. పెద్ద శబ్దానికి ముందు దెబ్బతినేవి కీచు స్వరాల కణాలే. అందుకే మాట వినబడుతుంది గానీ స, ష లాంటి అక్షరాలు జారిపోతాయి. 'ఏంటీ, మళ్లీ చెప్పు' అనడం అలా మొదలవుతుంది.

80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అదే 90 అయితే 4 గంటలే! కాబట్టి వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి. గోలని బయటే ఆపేలా చెవికి సరిగ్గా అమరే బడ్స్ కొనుక్కోండి. పాట ఆపాక చెవిలో గుయ్‌మంటుంటే అది హెచ్చరికే. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి.