క్లినికల్ జడ్జిమెంట్ (నర్సింగ్)

రోగిలో కనిపించే మార్పులను గమనించి, వాటి అర్థాన్ని గ్రహించి, తరువాత ఏమి చేయవలెనో నిర్ణయించే నర్సు వివేచనను క్లినికల్ జడ్జిమెంట్ అంటారు. తెలుగులో దీనిని వైద్య వివేచన అనవచ్చును. రోగికి హాని కలుగకుండా సేవ చేయడానికి చేతి నైపుణ్యం ఎంత అవసరమో ఈ వివేచన కూడా అంతే అవసరం. అమెరికాలోని ప్రాక్టికల్ నర్సింగ్ విద్యార్థుల శిక్షణలో దీనికి గల స్థానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాక్టికల్ నర్సు

అమెరికాలో లైసెన్సు పొందిన ప్రాక్టికల్ నర్సును ఎల్.పి.ఎన్. అంటారు. కాలిఫోర్నియా, టెక్సాస్ రాష్ట్రాలలో ఎల్.వి.ఎన్. అని పేరు. సుమారు ఒక సంవత్సరం శిక్షణ పొంది, ఎన్‌క్లెక్స్-పి.ఎన్. అనే పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి ఈ లైసెన్సు లభిస్తుంది. వీరు సాధారణంగా రిజిస్టర్డ్ నర్సు లేదా వైద్యుని ఆధ్వర్యంలో పనిచేస్తారు. నాడి, రక్తపోటు చూడడం, మందులు ఇవ్వడం, గాయాలకు కట్టు కట్టడం, స్నానానికి, భోజనానికి సహాయపడడం వీరి పనులలో కొన్ని. వీరి అధికార పరిధి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో ఎ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం. శిక్షణలు ఉన్నవి గాని, అవి దీనికి సరిసమానాలు కావు.

రోగి మంచం ప్రక్కన చాలాసేపు గడుపుతారు కనుక, మార్పు మొదట వీరి కంటపడే అవకాశం ఎక్కువ. అయితే రోగ నిర్ధారణ చేయడం, చికిత్సను మార్చడం వీరి అధికారంలో లేవు. కనుక గమనించిన దానిని సకాలంలో తగినవారికి తెలియజేయడం వీరి బాధ్యతలలో అతి ముఖ్యమైనది.

చరిత్ర

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన నోట్స్ ఆన్ నర్సింగ్ అనే పుస్తకంలో ఒక అధ్యాయాన్ని రోగి పరిశీలనకే కేటాయించినది. 1984లో పాట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సింగ్ ఆచార్యురాలు, కొత్తగా చేరిన నర్సు నిపుణురాలిగా ఎదిగే క్రమాన్ని ఐదు దశలుగా వివరించినది. కొత్తవారు నియమాలపై ఆధారపడతారనీ, నిపుణులు అనుభవంతో పరిస్థితిని మొత్తంగా గ్రహిస్తారనీ ఆమె సిద్ధాంతం. 2006లో క్రిస్టీన్ టానర్ ఈ వివేచనను నాలుగు అంగాలుగా విభజించినది. 2023 ఏప్రిల్ నుండి ఎన్‌క్లెక్స్ పరీక్షలలో రోగి వివరాలు ఇచ్చి, నిర్ణయ సామర్థ్యాన్ని పరీక్షించే ప్రశ్నలను చేర్చారు.

నాలుగు అంగాలు

1. గమనించడం: రోగి ఎప్పటివలె ఉన్నాడా, ఏమైనా తేడా ఉన్నదా అని చూడడం.
2. అర్థం చేసుకోవడం: ఆ తేడాకు కారణం ఏమై ఉండవచ్చునో ఆలోచించడం.
3. స్పందించడం: తన పరిధిలో ఉన్నది చేసి, మిగిలినది పైవారికి తెలపడం.
4. పునరాలోచన: ఫలితం ఎట్లున్నదో చూసి, అందుండి నేర్చుకోవడం.

ఉదాహరణ

కడుపుకు శస్త్రచికిత్స జరిగిన రోగి రెండవ రోజు సాయంత్రం ఇట్లున్నాడనుకుందాం: శ్వాస నిమిషానికి 22, నాడి 104, పై రక్తపోటు 108, ఉష్ణోగ్రత 38.2 డిగ్రీల సెల్సియస్, రక్తంలో ఆక్సిజన్ 95 శాతం. రోగి మెలకువగా ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. ఈ అంకెలను విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టదు. ఇటువంటి అంకెలను కలిపి చూడడానికి బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ అనే కొలబద్దను రూపొందించి, 2017లో సవరించినది. దాని ప్రకారం పై రోగి శ్వాసకు 2, మిగిలిన నాలుగింటికి ఒక్కొక్కటి చొప్పున మొత్తం 6 పాయింట్లు వస్తాయి. 5 దాటకుండానే, అంటే 5 వచ్చినా సరే, రోగిని వెంటనే పరీక్షించవలెనని ఆ కొలబద్ద సూచిస్తుంది. ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వలన అవయవాలు దెబ్బతినే సెప్సిస్ అనే ప్రమాదస్థితికి ఇది ఆరంభం కావచ్చును. "నొప్పి వలన కాబోలు" అని సరిపెట్టుకుంటే విలువైన సమయం చేజారిపోతుంది.

తెలియజేసే పద్ధతి

"రోగి బాగా లేడు" అని మాత్రమే చెబితే వినేవారికి తీవ్రత తెలియదు. అందుకని ఎస్‌బార్ అనే నాలుగు మెట్ల పద్ధతిని నేర్పుతారు. ఇప్పటి పరిస్థితి, పూర్వ వివరాలు, తన అంచనా, తాను కోరుతున్నది అనేవి ఆ మెట్లు. పై రోగి విషయంలో నర్సు అంకెలన్నీ చెప్పి, ఉదయం నుండి వచ్చిన మార్పును వివరించి, "ఇన్‌ఫెక్షన్ అని అనుమానంగా ఉన్నది, మీరు వెంటనే వచ్చి చూడవలెను" అని ముగించవలెను. స్పందన రాకపోతే మరల చెప్పడం, అవసరమైతే ఇంకా పైవారికి తెలపడం కూడా నర్సు బాధ్యతయే.

పొరపాట్లకు కారణాలు

శ్వాసను పూర్తిగా లెక్కించకుండా అలవాటైన అంకె వ్రాయడం, మొదట తోచిన కారణాన్నే పట్టుకుని ఉండడం, అర్ధరాత్రి ఫోను చేస్తే కోపగించుకుంటారేమోనని జంకడం సాధారణ కారణాలు. అన్నీ వ్యక్తి లోపాలు కావు. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రులపై ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినప్పుడల్లా, శస్త్రచికిత్స రోగులు 30 రోజుల లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా ఉన్నట్లు తేలినది. పని భారం పెరిగితే గమనించే తీరిక తగ్గుతుంది.

కావున విద్యార్థులు అంకెను వ్రాయడంతో పని ముగిసినదని భావించరాదు. క్రిందటి అంకెతో పోల్చి చూసి, తేడా ఉంటే దానిని చెప్పవలసినవారికి చెప్పినప్పుడే ఆ పని పూర్తి అయినట్లు.